నీళ్లలో మావు

పదో తరగతి పరీక్షలు నెత్తి మీదున్నా, మా మనవరాలు కంప్యూటర్లో ఉత్తరం వచ్చిందేమోనని నిమిషానికోసారి చూస్తోంది. "కరెంటు ఊరికే వస్తోందటే?" అని వైరు పీకబోయి ఆగాను.

కొల్లేటికోటలో నాన్న చేపల కోసం నీళ్లలో పెట్టిన వెదురు మావును చిన్నప్పుడు నేనూ అలాగే లేపి చూసేదాన్ని. చూస్తూ ఉంటేనే చేపలు పడతాయనుకునేదాన్ని. అమ్మ కోతలకు పోతే ఇంట్లో పలకరించేవాళ్లు ఉండేవాళ్లు కాదు. ఆ తడి వెదురు వాసనలో ఆకలి కూడా తెలిసేది కాదు.

ఓ రోజు నాన్న పక్కన కూర్చుని, "మాటిమాటికీ లేపితే చేపలు బెదిరిపోవటే, పిచ్చితల్లీ?" అని నవ్వి, కబుర్లు మొదలుపెట్టాడు. పొద్దుగూకేదాకా మావు సంగతే మరిచిపోయాను.

కొడుకూ కోడలూ ఉద్యోగాల నుంచి ఇంకా రాలేదు. వైరు వదిలేసి కుర్చీ లాక్కున్నాను.

"ఎవరే రాయాల్సింది?"

"నీకు తెలీదులే మామ్మా," అంది. ఆ మాట అనడానికి తెర మీంచి చూపు నా వైపు తిప్పింది.