మూసిన కొట్ల మీద బొమ్మలు

బజారు వీధిలో అందరూ ఆయన్ని బోర్డుల బాబాయి అనేవారు. నలభై ఏళ్ళుగా ఆ వీధిలో ఏ కొట్టు తెరవాలన్నా ముందు ఆయన కుంచె కదలాల్సిందే. పొద్దున్నే కుంచెను కళ్ళకద్దుకుని, దేవుణ్ణి తలుచుకుని నిచ్చెనెక్కేవాడు. చినుకు పడితే ఎదురు కొట్టతను పిలవకుండానే వచ్చి రంగు డబ్బాకు గొడుగు పట్టేవాడు. అలాంటి వీధి అది.

ప్లాస్టిక్ బ్యానర్లొచ్చి ఆయన చేతికి పని తగ్గించాయి. ఊరవతల పెద్ద అంగడి లేచాక వీధికే కళ తప్పింది. పన్నెండు కొట్లు మూతపడ్డాయి. అప్పుడే నగరపాలక సంస్థ నుంచి కబురొచ్చింది. పెట్టుబడులు పెట్టే పెద్దమనుషులు ఊరు చూడ్డానికి వస్తున్నారట.

"మూసిన షట్టర్లు చూస్తే వాళ్ళ మనసు విరిగిపోతుంది బాబాయిగారూ," అంది ఆఫీసు మేడం. "కొట్లు తెరిచున్నట్టే బొమ్మలు వేసెయ్యండి."

"అంటే ఉత్తుత్తి కొట్లా అమ్మా?"

"ఊరు బాగుపడాలనేగా!"

ఆ మాట ఆయనకు కాదనలేని మాట. మేడం కూడా చెడ్డమనిషేం కాదు. ఎండలో నిచ్చెన మీదున్నాడని రోజూ తన నీళ్ళ సీసా ఆయనకిచ్చి, తాను కుళాయి దగ్గర దోసిలి పట్టేది.

మూడు వారాలు ప్రాణం పెట్టి వేశాడు. దారపు ఉండల అరలు, ఓరగా తీసిన అద్దాల తలుపు, గడప మీద నిద్రపోతున్న పిల్లి. బట్టలు కుట్టే పెద్దాయన పరాకుగా లోపలికి పోబోయి షట్టరుకు గుద్దుకున్నాడు.

"ఏరా, నీ కొట్టులో బోణీ నా ముక్కేనా?" అని అరిచాడు. వీధంతా పగలబడి నవ్వింది.

అతిథులు కార్లు దిగిన రోజున, భుజాన సంచీ వేసుకుని ఒకావిడ ఆయన దగ్గరికొచ్చింది. గోళ్ళలో నల్లటి నూనె మరకలు. కుట్టుమిషన్లు బాగుచేస్తుందట. భర్తకు ఇక్కడ ఉద్యోగమొచ్చి, ఊరికి కొత్తగా వచ్చారు.

"బాబాయిగారూ, ఇంట్లో మెట్ల కింద కూర్చుని పని చేసుకుంటున్నాను, చోటు చాలట్లేదు. ఇక్కడేమో చూస్తే అన్నీ కళకళలాడుతున్నాయి. ఖాళీ కొట్టు ఒక్కటైనా ఉందా?"

నాలుగడుగుల దూరంలో అతిథులు. ఎవరడిగినా వీధి నిండుగా ఉందనే చెప్పమని మేడం పొద్దున్నే చెప్పి ఉంది.

"ఒక్కటీ లేదు తల్లీ. చీమ దూరే సందు లేదు," అన్నాడు బాబాయి గట్టిగా.

అతిథులు తలలూపారు. మేడం ఊపిరి పీల్చుకుంది.

"పోనీలెండి, దేవుడు ఇంకెక్కడైనా చూపిస్తాడు," అంది ఆవిడ. నిచ్చెన కింద పడున్న సుద్దముక్క తీసి, కొంగుతో తుడిచి, ఆయన చేతిలో పెట్టి వెళ్ళిపోయింది.

అతిథులు కార్లెక్కగానే ఆవిడను వెతికి నిజం చెబుదామనుకున్నాడు. కార్లెక్కేసరికి సాయంత్రమైంది. మర్నాడు వీధి వీధీ తిరిగాడు. ఆవిడ పేరు తెలీదు, ఇల్లు తెలీదు.

అతిథులు ఫొటోలు తీసుకుని వెళ్ళారు. మళ్ళీ ఉలుకూ పలుకూ లేదు. ఎనిమిది నెలల తర్వాత, ముక్కు గుద్దుకున్న పెద్దాయనే తన మిషన్ని రిక్షాకెక్కిస్తూ చెప్పాడు.

"పక్క ఊరికి మోసుకుపోవాలిరా. మిషన్లు బాగుచేసే ఆవిడ ఒకతి ఉండేది మన ఊళ్ళోనే, కొట్టు మాత్రం అక్కడ పెట్టింది. ఏం పనితనమనుకున్నావ్!"

బాబాయి ఆ పూటే బస్సెక్కాడు. ఆమె గుర్తుపట్టి స్టూలు లాగింది, నీళ్ళిచ్చింది. లోపల నలుగురు ఆడవాళ్ళు మిషన్లు విప్పుకుని కూర్చున్నారు.

"ఆ రోజు పన్నెండు కొట్లు ఖాళీ తల్లీ. అవన్నీ నేనేసిన బొమ్మలు. నీతో అబద్ధమాడాను."

ఆమె చేతిలో స్క్రూడ్రైవరు ఆగిపోయింది.

"పన్నెండా?" స్క్రూడ్రైవరు పక్కన పెట్టింది. "పోను గంటన్నర, రాను గంటన్నర బాబాయిగారూ. పాప బడి నుంచి వచ్చేసరికి నేనుండను. పక్కింటక్క అన్నం పెడుతుంది, పుణ్యాత్మురాలు. పన్నెండున్నాయా..."

"ఇప్పుడైనా వచ్చెయ్యమ్మా. నేను మేడంతో మాట్లాడతాను."

"ఈ కొట్టుకు ఐదేళ్ళ అద్దెకు సంతకం పెట్టేశాను. వీళ్ళంతా ఈ ఊరివాళ్ళు. నన్ను నమ్మి పని నేర్చుకున్నారు. వదిలేసి ఎలా వస్తాను?"

తిడితే బాగుండునని ఎదురుచూశాడు. తిట్టలేదు. టైమైందని అందరూ లేచాక ఆమె షట్టరు దించుతుంటే, ఆయన కూడా ఒక చెయ్యి వేశాడు.

ఇద్దరూ ఒకే బస్సెక్కారు. ఊరు దాటకముందే ఆమె కిటికీ కమ్మీకి తలానించి నిద్రపోయింది. పనిముట్ల సంచీ ఒడిలోంచి జారబోతే బాబాయి అందుకుని మోకాళ్ళ మీద పెట్టుకున్నాడు. ఇనుప బరువు. ఆయన దిగాల్సిన స్టాపు ఆమె స్టాపు కంటే ముందే వచ్చింది. కండక్టరు రెండుసార్లు కేకేశాడు.

బాబాయి లేవలేదు. ఆమె దిగేచోటు దాకా ఇంకో టిక్కెట్టు ఇమ్మని మెల్లగా అడిగాడు.