సారు సున్నంతో గీసిన గీత

మా బాస్కెట్‌బాల్ సారు పోయారని సోమవారం పొద్దున బషీర్‌బాగ్ సిగ్నల్ దగ్గర, బస్సులో నిలబడి ఉండగా తెలిసింది. పాత ఆటగాళ్ల వాట్సాప్ గ్రూపులో ఒక్కటే లైను: "సారు పోయిన్రు. నిద్రలనే." దాని కింద చేతులు జోడించిన బొమ్మలు వరసగా వచ్చి పడుతున్నాయి. ఆ గ్రూపును నేను ఏడేళ్లుగా మ్యూట్‌లో పెట్టాను. ఆ పొద్దున దాన్ని ఎందుకు తెరిచానో ఇప్పటికీ చెప్పలేను. ఆఫీసు స్టాపులో దిగకుండా అట్లాగే సారు ఇల్లున్న నాంపల్లి దాకా వెళ్లాను.

సారు నాంపల్లిలో ఒక సర్కారు ఆఫీసులో గుమాస్తా. పొద్దున ఐదున్నర నుంచి ఎనిమిది దాకా అబిడ్స్‌లో మా బడి వెనకున్న సిమెంటు కోర్టులో మాకు ఆట నేర్పి, అక్కడే కుళాయి కింద కాళ్లు కడుక్కుని, షర్టు టక్ చేసుకుని ఆఫీసుకు నడిచి వెళ్లేవారు. జేబులో విజిల్ ఉండేది కానీ ఎన్నడూ ఊదలేదు. రెండు చప్పట్లు కొట్టేవారు, అంతే. ఎందుకు సార్ అంటే, "నాంపల్లి టేషన్ దగ్గర్ల విజిల్ ఊదితే ఎవడో ఒకడు రైలు పోతుందని ఉరుకుతడు బిడ్డా" అనేవారు. నా పొడుగు చూసి ఎవరైనా మెచ్చుకుంటే ఆయనకు నచ్చేది కాదు. "ఎత్తు దేవుడిచ్చిండు. అడుగు నువ్వు నేర్సుకో." ఆదివారాలు ప్రాక్టీసు అయ్యాక అబిడ్స్ పేవ్‌మెంటు మీద పాత పుస్తకాల ముందు గొంతుక్కూర్చుని మాకు ఇంటర్ గైడ్లు ఏరేవారు. చెమటతో తడిసిన పిల్లలం వెనకాల నిలబడి గొణుక్కునేవాళ్లం. బాల్ కొనివ్వకుండా ఫిజిక్స్ గైడు కొనిచ్చే కోచ్ ఇంకెక్కడైనా ఉంటాడా అని.

ప్రతి సోమవారం కోర్టు చివరి గీతను ఆయనే మళ్లీ గీసేవారు. వారమంతా మా బూట్ల కింద అరిగిపోయేది. పాత పెయింటు డబ్బాలో సున్నం కలిపి, ఇద్దరం తాడు లాగి పట్టుకుంటే, మోకాళ్ల మీద జరుగుతూ ఆ చివర నుంచి ఈ చివరకు బ్రష్షుతో వచ్చేవారు. ఆరేదాకా ఎవరినీ తొక్కనిచ్చేవారు కాదు.

ఆ గీతకు ఇంకో పని ఉండేది. ఏ తల్లో తండ్రో వచ్చి "మా పోరడు ఇండియాకు ఆడుతడా సార్?" అని అడిగితే జవాబు చెప్పేవారు కాదు. చప్పట్లు కొట్టి మమ్మల్నందరినీ గీత మీద నిలబెట్టేవారు.

"స్కూలు టీముల లేనోళ్లు ఒక్క అడుగు ఎనక్కి జరుగుండ్రి."

సగం మంది జరిగేవాళ్లు.

"జిల్లాకు ఆడనోళ్లు ఎనక్కి."

నలుగురైదుగురం మిగిలేవాళ్లం.

"రాష్ట్రానికి ఆడనోళ్లు."

ఒకరో ఇద్దరో. అప్పుడు ఆయన గొంతు తగ్గేది. "ఇగ ఈ ఆటతోనే బతికేటోళ్లు ఉండుండ్రి. మిగిలినోళ్లు ఎనక్కి." ఆ ఒకరిద్దరు నవ్వుతూ అక్కడే ఉంటే, తనే చెయ్యి ఊపి వెనక్కి జరిపేవారు. గీత ఖాళీ అయ్యేది. ఆ తండ్రితో అనేవారు: "చూసిన్రా? నా చేతుల మీదికెళ్లి పోయినోళ్లల్ల గిప్పటిదాంక గిది ఖాళీ. మనకాడ బాగా ఆడితే స్పోర్ట్స్ కోటాల ఒక నౌకరి దొరుకుతది. గదే పెద్దది. పోరని సదువు ఆపకుండ్రి."

నాకు పదిహేడేళ్లప్పుడు వేరే రాష్ట్రంలోని ఒక అకాడమీ నుంచి పిలుపు వచ్చింది. ఇంటర్ రెండో ఏడు మధ్యలో ఆపి వెళ్లాలి. నాన్న అబిడ్స్‌లో ఒక బట్టల షాపులో సేల్స్‌మన్. "సారు ఒక్క మాట చెప్తే పంపుత" అన్నారు. మర్నాడు షాపు తెరవకముందే కోర్టుకు వచ్చారు. సారు చప్పట్లు కొట్టారు. అందరూ జరిగిపోయారు. ఆఖరికి గీత మీద నేనొక్కదాన్నే మిగిలాను.

సారు నన్ను చూశారు. తర్వాత నాన్న వైపు తిరిగి, "నాకు తెల్వది" అన్నారు.

"మీకే తెల్వకపోతే నాకేం ఎరుక సార్?"

"అబద్ధం చెప్పలేను భాయ్. దీని చెయ్యి మంచిది. మోకాలు ఎన్నేండ్లు ఆగుతదో, అప్పటికి ఇంకెవలెవలు వస్తరో, నాకు తెల్వది. పంపుమననూ లేను, ఆపుమననూ లేను."

నాన్న నా సంచి భుజానికి తగిలించుకుని గేటు వైపు నడిచారు. బడి గంట కొట్టేదాకా నేను ఆ గీత మీదే నిలబడి ఉన్నాను. మళ్లీ ఆ కోర్టులో అడుగు పెట్టలేదు.

అకాడమీకి పోలేదు. డిగ్రీ అయింది. మూడు ఉద్యోగాలు మారాను. ఏ కుర్చీలోనూ ఏడాది నిండలేదు. ప్రతి కొత్త ఆఫీసులోనూ మొదటి వారం, ఆ ఒక్క మాట సారు చెప్పి ఉంటే అనుకునేదాన్ని. అబిడ్స్‌లో ఆయన కనిపిస్తే పక్క సందులోకి తిరిగేదాన్ని. ఒకసారి ఎదురుగా వచ్చి చెయ్యి ఎత్తారు. నేను ఫోను చూసుకున్నాను. ఆ రోడ్డు మీదే ఒక జిరాక్స్ షాపుంది. సారు రోజూ ఆఫీసు అయ్యాక అక్కడ నిలబడి ఉండేవారు. ఆఫీసులో మిషను ఉండగా ఇంత దూరం ఎందుకొస్తారా అని కూడా అనుకున్నాను. అంతవరకే.

ఆ సోమవారం సారు ఇంటి ముందు కుర్చీలు వేయిస్తున్న మనిషి ఆ జిరాక్స్ షాపాయనే. కుంటుతున్నాడు. నన్ను చూసి ఆగాడు.

"నువ్వు గా పొడుగు పిల్లవే కదా చెల్లె?"

"మీకెట్లా తెలుసన్నా?"

"సారు చెప్పిండు. రోజూ జిరాక్సులకే వస్తుండె అనుకున్నవా? ఒకపాలి తెల్లకాయితం ఇచ్చి దాన్ని జిరాక్స్ తీయమన్నడు." నవ్వబోయి ఆపుకున్నాడు. "నేను సారు తొలి బ్యాచ్. మా నాయినకు జబాన్ ఇచ్చిండు, 'బేఫికర్ పంపుండ్రి, వీడు ఇండియాకు ఆడకపోతే నన్నడుగుండ్రి' అని. పదో తరగతి ఇడిశిపెట్టి పోయిన. రెండో ఏడు మోకాలు పోయింది. గీత మీద నిలబెట్టుడు గా తర్వాతనే షురూ చేసిండు. షాపు పెట్టినకాడికెళ్లి రోజూ వస్తుండె. తప్పైందని ఆయన అనలే, నేను అడగలే. జిరాక్స్ తీసి ఇస్తుంటి."

ఏడేళ్లుగా అడగాలనుకున్నది అడిగేశాను. "నా గురించి మాత్రం తెల్వదన్నారు అన్నా. అంత నమ్మకం లేకుండెనా?"

"అందర్నీ ఎనక్కి జరిపిండు కదా ఆ దినం. నిన్ను జరుగుమన్నడా?"

లేదు. అనలేదు. చెయ్యి కూడా ఊపలేదు. ఆయన అనని మాటనే ఏడేళ్లు తలుచుకున్న నేను, నా పాదాల కింది సంగతి చూసుకోలేదు.

"సీదా షాపుకొచ్చిండు. 'ఇయ్యాల ఒక పిల్లను ఎనక్కి జరుగుమననీకి నోరు రాలే రా' అన్నడు. చాయ్ తెప్పిస్తే గూడ తాగలే."

లోపల సారు పడుకుని ఉన్నారు. షర్టు టక్ చేసి లేదు. నాకు అదే వింతగా అనిపించింది. పాదాలు ముట్టుకుని బయటికి వచ్చాను.

వెళ్లబోతుంటే అన్న అన్నాడు, "ఇయ్యాల సోమారం. గీత పడలే. రేపు పొద్దుగాల వస్తవా? తాడు పట్టనీకి మనుషులు కావాలె."

మర్నాడు ఐదున్నరకు వెళ్లాను. సున్నం డబ్బా కుళాయి పక్కనే ఉంది. బ్రష్షు నీళ్లలో నానబెట్టి ఉంది, సారు పెట్టిందే. తాడు ఒక చివర గోడ మేకుకు కట్టి, రెండో చివర నేను పట్టుకున్నాను. అన్న మోకాలు వంగదు. ఆ కాలు పక్కకు చాపి, ఒక చెయ్యి నేలకు ఆనించి జరుగుతూ గీశాడు. సగం దూరం వచ్చాక నా చేతిలో తాడు సడలిందో, అన్న చెయ్యే అలిసిందో, గీత ఒకచోట కాస్త వంకర పోయింది. చెరపలేదు.

పిల్లలు వచ్చారు. చప్పట్ల కోసం కాసేపు చూశారు. ఎవరూ కొట్టలేదు. ఒక చిన్నపిల్ల నన్ను అడిగింది, "అక్కా, ఇయ్యాల ఎనక్కి జరిగేది ఉన్నదా?"

"లేదు. తడి ఆరేదాంక తొక్కకుండ నిలబడుండ్రి."

కాలివేళ్లు తెల్లటి అంచుకు ఆనీ ఆనకుండా, వాళ్లంతా వరసగా నిలబడ్డారు. గీత వంకర పోయినచోట వాళ్ల వరస కూడా అంతే వంకర తిరిగింది.