తాడు కట్టని పీట

మా అత్తగారు పోయారు. పోయిన మంగళవారం పొద్దున, ఐర్లండ్‌లోని ఎన్నిస్‌లో మా ఇంటి వంటింట్లో, స్టవ్ ముందు. గుండె ఆగిపోయిందనీ, నొప్పి తెలిసి ఉండదనీ డాక్టరు చెప్పారు. ఆ మాట నాకు కొంత ఊరటనిచ్చింది, మా ఆవిడకి ఇవ్వలేదు. అప్పటినుంచి ఇల్లంతా తిరుగుతూ ఒకటే అడుగుతోంది: "నేను స్టవ్ ఇవ్వకుండా ఉంటే అమ్మ ఇంకా ఉండేదేమోనండీ?" నాకు జవాబు చెప్పడం చేతకాలేదు. రాసైనా చెబుదామని కూర్చుంటున్నాను, లేస్తున్నాను, మళ్లీ కూర్చుంటున్నాను.

అత్తగారు భీమవరం నుంచి వచ్చి కొన్నేళ్లుగా మా దగ్గరే ఉన్నారు. ఆవిడ కుదురుగా కూర్చోగా నేను చూడలేదు. టీవీ కూడా నిలబడే చూసేవారు. సీరియల్లో ఎవరైనా ఏడిస్తే వాళ్లకో సలహా పారేసి, ప్రెస్‌లు సర్దడానికి వెళ్లిపోయేవారు. ఇక్కడ అలమరని ప్రెస్ అంటారు. ఆవిడ నేర్చుకున్న మొదటి ఐరిష్ మాట అదే. కాసేపు కూర్చోండంటే, "నన్ను కూర్చోబెట్టకండి అల్లుడుగారూ, మళ్లీ లేవను" అనేవారు. నవ్వులాటకి అంటున్నారనుకునేవాణ్ణి.

ఒకరోజు పాలు పొయ్యిమీద పెట్టి మరిచిపోయి పెరట్లోకి వెళ్లారు. గిన్నె మాడి, పొగ కమ్మి, అలారం గోలకి పక్కింటివాళ్లు పరుగెత్తుకొచ్చారు. అప్పటికే ఆవిడ చేతులు వణుకుతున్నాయి కూడా. సాయంత్రం నేను పక్కూరు షానన్‌లో డ్యూటీ దిగి వచ్చేసరికి మా ఆవిడ స్టవ్‌కి చైల్డ్ లాక్ వేసి, తల్లిని కిటికీ పక్క కుర్చీలో కూర్చోబెట్టింది. ప్రేమతోనే చేసింది, అందులో సందేహం లేదు. అత్తగారు మాత్రం పొద్దస్తమానం ఆ కుర్చీకీ వంటింటి గుమ్మానికీ మధ్య తిరిగేవారు. చూస్తుంటే నాకే ఊపిరాడేది కాదు.

ఆ ఏడాది మా అమ్మాయి స్కూలు సెలవులకి ఆఫ్రికా తీరాన ఉన్న జాంజిబార్ వెళ్లాం. సముద్రం ఒడ్డున అమ్మ నాలుగు రోజులు హాయిగా కూర్చుంటుందని మా ఆవిడ ఆశ. ఒక పూట సుల్తాన్లు కాపురమున్న ప్యాలెస్‌కి తీసుకెళ్లాం. ఇప్పుడది మ్యూజియం. నగిషీల మంచాలు, మనిషి మునిగిపోయేంత కుర్చీలు, అన్నిటికీ అడ్డంగా తాళ్లు. ఏ కుర్చీలో ఎవరు కూర్చున్నారో గైడు ఓపిగ్గా చెబుతున్నాడు. అత్తగారు సగంలోనే అడ్డుపడి, "వంటిల్లేది బాబూ?" అన్నారు. నేను ఇంగ్లీషులో చెప్పాను. అది చూపించరని అతను నవ్వాడు. మేం వెనక్కి తిరిగేసరికి ఆవిడ లేరు.

పైనా కిందా వెతికాం. మా ఆవిడకి ఏడుపొకటే తక్కువ. చివరికి వెనక వసారాలో దొరికారు. మ్యూజియం ఊడ్చే ఆవిడ తన మధ్యాహ్నం వంటకి కొబ్బరి కోరుకుంటోంది కాబోలు. మన కత్తిపీట కొసన ఉండే పళ్లలాంటివే బిగించిన పొట్టి పీట. దానిమీద ఇప్పుడు మా అత్తగారు! ఒకరి భాష ఒకరికి రాదు, ఇద్దరూ ఒకటే నవ్వు.

"అమ్మా, వేలు తెగుతుంది, లే!"

"తెగితే తెగనీవే," అన్నారు అత్తగారు, చేతిలో చిప్ప ఆపకుండా. "ఇంటిదగ్గర నన్నూ ఇక్కడి తాళ్లు కట్టిన కుర్చీల్లా పెట్టేశావు. వస్తారు, చూస్తారు, పోతారు. అంతేనా నేను?"

అప్పుడు నేను ఆ చేతులకేసి చూశాను. వణకడం లేదు. కొబ్బరి సన్నగా, తెల్లగా రాలుతోంది.

ఎన్నిస్ చేరగానే, కోటైనా విప్పకుండా, మా ఆవిడ చైల్డ్ లాక్ తీసేసింది. మళ్లీ పడితే అది తీయడమెలాగో తల్లి వేలు పట్టుకుని నేర్పింది. ఆ తర్వాత మా ఇంట్లో రెండు గిన్నెలు మాడాయి. అత్తగారు పాడుకుంటూ వాటిని తోముకున్నారు. ఆవిడ అంత ఆనందంగా ఉండగా నేను ఎప్పుడూ చూడలేదు. ఇదే నా జవాబు.

అత్తగారు పోయిన రోజు సాయంత్రం భీమవరం నుంచి మా ఆవిడ పెద్దమ్మగారు ఫోన్ చేశారు. "స్టవ్ మీదున్నదంతా పారబొయ్యండమ్మా, మైలది తినకూడదు," అన్నారు. మా ఆవిడ "సరే" అని ఫోన్ పెట్టేసింది. మూత తీస్తే వంకాయ కూర. గరిటె అందులోనే ఉంది. ప్లేటు కూడా తీసుకోకుండా, స్టవ్ దగ్గరే నిలబడి, చేత్తో తినడం మొదలుపెట్టింది. కన్నీళ్లు కారుతున్నాయి, తింటోంది. నేను ఆపలేదు.

గుమ్మంలోంచి అమ్మాయి అడిగింది: "ఈజ్ దేర్ ఎనీ లెఫ్ట్, మామ్?"

మా ఆవిడ గిన్నె వంచి చూసింది.

"ఉంది, రా," అంది.