టపాకాయలు పేలితే బోర్లా పడుకున్నాం

మా చిన్నప్పుడు... ఒక ఎండాకాలం నెలరోజులకని సముద్రం ఒడ్డుకు వెళ్ళాం. జమ్మలమడుగు దగ్గర పల్లెలో పుట్టినదాన్ని. నీళ్ళంటే పెన్న ఇసుకలో చెలమ తోడితే ఊరేవే తెలుసు నాకు. అన్ని నీళ్ళు ఒక్కచోట చూసి నోరెళ్ళబెట్టాను!

సెలవులని మాకు చెప్పారు గానీ, నిజానికి అవి ఎలక్షన్ల రోజులు. నాన్న ఒక పార్టీ తరఫున తిరిగేవాడు. అవతలి పార్టీ వాళ్ళు ఆయన మీద కన్నేశారని తెలిసి, అమ్మ పోట్లాడి మరీ అందరినీ నెల్లూరు అవతల చిన్నమ్మ వాళ్ళింటికి లాక్కొచ్చింది. చిన్నాయన అక్కడి బడిలో అయ్యవారు.

ఎంత బాగుండేదో... పొద్దున్నే తడి ఇసుకలో ఎండ్రకాయల వెంట పరుగులు. గౌను నిండా గవ్వలు. పెదాలు నాక్కుంటే ఉప్పు. వేడి అన్నంలో చిన్నమ్మ వేయించిన నెత్తళ్ళు... తమ్ముడు ముళ్ళతో సహా నమిలేసేవాడు. ఊళ్ళో గోడకు వీపు ఆనించి తప్ప కూర్చోని నాన్న, అక్కడ జనానికి వీపు పెట్టి అలలకేసి చూస్తూ కూర్చునేవాడు.

పోలింగ్ దగ్గరపడింది. "నేను లేకుంటే మనోళ్ళు ఏమనుకుంటారు? రేపు అందరం పోదాం," అన్నాడు నాన్న. అమ్మ ముఖం మాడ్చుకుని బట్టలు సర్దింది.

ఆ సాయంత్రం ఒడ్డున ఎవరో కొత్త పడవ దించుతున్నారు. కొబ్బరికాయ కొట్టి, ఉన్నట్టుండి టపాకాయల సరం అంటించారు.

మా ఊళ్ళో ఢాం అంటే నాటుబాంబే... తమ్ముడి మెడ పట్టి పాత పడవ చాటుకు ఈడ్చుకెళ్ళి, బోర్లా పడేసి, వాడి మీద పడుకున్నాను. ఇద్దరం చెవులు మూసుకుని, పేలుడుకు చెవులు పగలకుండా నోళ్ళు తెరిచాం. తలెత్తి చూస్తే... చుట్టూ పిల్లలంతా చప్పట్లు కొడుతూ ఎగురుతున్నారు. ఒక్కరూ పడుకోలేదు! నాకు మతిపోయింది. వీళ్ళకు ఈమాత్రం కూడా తెలీదా అనుకున్నాను.

నాన్నతో పాటు అమ్మ పరుగెత్తుకొచ్చింది. "ఎవురు నేర్పిచ్చినారే మీకిది?"

"బడికాడ రోజూ ఆడతాం గదమ్మా, బాంబులాట! ఆఖర్న పండుకున్నోడు సచ్చినట్టు. తమ్మునికి చాతగాదని నేనే పండబెట్టినా," అన్నాను గొప్పగా.

అమ్మ ఇసుకలో కూలబడి ఏడ్చింది. దేనికీ బెదరడని ఊరంతా చెప్పుకునే నాన్న ముఖంలో నెత్తురుచుక్క లేదు. మా ఇద్దరి ఒంటి మీది ఇసుక దులిపాడు.

"యాడికీ పోయేది లేదు. ఎవురేమన్నా అనుకోనీ," అన్నాడు చివరికి.

పొద్దున్నే అమ్మ మూటలు విప్పేసింది. బడులు తెరిచాక నేను చిన్నాయన బడిలోనే చేరాను. అక్కడి పిల్లలకు బాంబులాట నేర్పబోతే ఎవరికీ ఆట అర్థం కాలేదు...

ఇప్పుడు మా ఊరూ చల్లబడింది. అక్కడి పిల్లలకూ ఆ ఆట తెలీదట... ఎంత సంతోషమో! కానీ దీపావళికి మొదటి టపాకాయ పేలగానే నా చెయ్యి ఈనాటికీ పక్కనున్న పిల్లల మెడ మీదికి పోతుంది.

మీరు చిన్నప్పుడు ఏ ఆటలు ఆడారు? చెప్పండి... గోళీలు, తొక్కుడుబిళ్ళ, ఏదైనా సరే. మామూలు ఆటల గురించి వినాలనుంది నాకు.