సంఘంలో నేనిచ్చిన సాక్ష్యం

మేమెక్కిన ఫెర్రీ రేవును గుద్దినప్పుడు మెట్ల మీద పడ్డాను, మోకాలు చితికింది. ఆ ఆదివారమే, ఇక్కడ అమెరికాలో, బాతెల్‌లోని మా తెలుగు క్రైస్తవ సంఘంలో నిలబడి, “దేవుడు కాపాడాడు, నాకేమీ కాలేదు” అని సాక్ష్యమిచ్చాను. పరిహారం కోసం కేసు వేశాక, ఫెర్రీ కంపెనీ లాయరు సంఘం వెబ్‌సైటులోని ఆ వీడియోను నా ముందే ప్లే చేసి నవ్వాడు.

“ఇచ్చింది తీసుకుని సెటిల్ అయిపోదాం ఆంటీ. కేసు వీక్ అయింది,” అంది నా లాయరు, మా సంఘం అమ్మాయే.

“దేవుడు కాపాడింది నా ప్రాణాన్నమ్మా, వాళ్ళ కంపెనీని కాదు. ట్రయల్‌కే వెళ్దాం.”

“మరి క్షమించడం?”

“ముందు ఆ నవ్విన లాయర్ని జ్యూరీ ఎదుట తల దించుకోనీ. తరవాత చూద్దాం.”

తీర్పు వచ్చేదాకా ప్రతి ఉదయం, మోకరించలేక కుర్చీలోనే కూర్చుని, అతణ్ణి నలుగురిలో సిగ్గుపరచమని ప్రార్థించాను.