నల్ల కారు మీద నాలుక చారలు

దయ్యాలను నేను ఏనాడూ నమ్మలేదు. మా పుట్టిల్లు టేకుమట్ల దగ్గర. మా చేను వల్లకాడు పక్కనే ఉండేది. అక్కడే కలుపు తీశాం, అక్కడే సద్ది తిన్నాం, ఏ దయ్యమూ వచ్చి పలకరించలేదు. అందుకే ఇప్పుడు చెప్పేది దయ్యం సంగతి అనుకోకండి. ఏమనుకోవాలో నాకూ తెలియదు. తలుచుకుంటే మాత్రం భయం కాదు, రోత పుడుతుంది.

ఎనభైల మొదట్లో మేము జనగామలో ఉండేవాళ్లం. మా ఆయనకు బచ్చన్నపేట దిక్కు భూములు, ఊళ్లో బియ్యం మిల్లులో వాటా. రాజకీయాల్లోకి దిగాలన్న ఆశతో ఒక పాత నల్ల అంబాసిడర్ కొన్నాడు. దాన్ని తుడిచినంత శ్రద్ధగా ఆయన కన్నతల్లి కాళ్లయినా ఒత్తలేదు.

పెరట్లో నా ఆవు గౌరి ఉండేది. పుట్టింటివాళ్లు నాకిచ్చిన ఆవు. ఒకరోజు పొద్దున ఆయన కారును షెడ్డులో పెడుతూ గౌరి దూడను గోడకు నొక్కేశాడు. ఇంకా గడ్డి కొరకడం కూడా రాని లేగ. అక్కడికక్కడే పోయింది. కారు దిగి ఆయన ముందుగా చూసింది దూడను కాదు, మడ్‌గార్డును.

"దూడనే గదా, ఎందుకట్ల ఏడుస్తున్నవ్? గీత పడ్డది చూడు, గిదెట్ల పోవాలె?" అన్నాడు.

ఆ మాటకు ఆయన మొహం చూడబుద్ధి కాలేదు.

నెత్తురు కడిగేశాక కూడా గౌరి తాడు తెంపుకొని పోయి ఆ మడ్‌గార్డునే నాకేది. ఎంత లాగినా వచ్చేది కాదు. చేపడం మానేసింది. పాలివ్వని ఆవుకు మేత దండగని ఆయన కటికవాళ్లకు కబురు పెట్టబోయాడు. నేను గొడవపడి, లారీ ఎక్కించి, టేకుమట్లలో మా తమ్ముడి దగ్గరికి పంపేశాను.

ఆ తర్వాత మొదలైంది మైనం. ఎవరో పెద్ద నాయకుడు వస్తున్నాడని, ఊరేగింపులో తన కారు ముందుండాలని, హైదరాబాద్ నుంచి పాలిష్ మైనం డబ్బా తెప్పించాడు. పల్చగా పూయాలి, తెల్లగా పొడిబారాక మెత్తటి గుడ్డతో రుద్దాలి, ఆ పూత గట్టిపడేదాకా వేలు పెట్టకూడదు, ఆ తర్వాతే ఇంకో పూత వేయాలి. తొందరపడితే కింది పూత కూడా లేచిపోతుందట. చచ్చిన దూడ దగ్గర నిమిషం నిలబడని మనిషి, మైనం ఆరడానికి రోజంతా ఓపిక పట్టాడు.

మొదటి పూత రుద్ది షెడ్డుకు తాళం వేశాడు. తాళంచెవి ఆయన మొలతాడుకే ఉంటుంది. మర్నాడు పట్టపగలు తలుపు తీస్తే, మడ్‌గార్డు మీద గీత పడ్డచోట మైనం లేదు. కింది నుంచి పైకి వెడల్పాటి చారలు, వాటి మీద చొంగ. వేలితో ముట్టాను. జిగటగా, గోరువెచ్చగా ఉంది. పశువుల మధ్య పెరిగినదాన్ని, అయినా పెరట్లోకి పోయి కక్కుకున్నాను.

ఇది కుక్క పని అన్నాడాయన, పక్కింటివాళ్ల బర్రె అన్నాడు. తాళం వేసిన రేకుల షెడ్డులోకి బర్రె ఎట్లా దూరుతుంది? రెండో పూత వేసి ఆరబెట్టాడు. మళ్లీ అదే. మూడో పూతకూ అదే.

ఆయన నాలుగో పూతకు డబ్బా మూత తీస్తున్న పూట మా తమ్ముడు బస్సు దిగి వచ్చాడు. ఇక్కడి సంగతి వాడికేమీ తెలియదు.

"అక్కా, గౌరి మేత ముడ్తలేదు. నోట్లకెళ్లి ఏందో గ్యాసునూనె వాసనొస్తుంది. నాలుక మీద మైనమోలె పేరుకుంటుంది, గీకినా మళ్ల వస్తది. పశువుల డాక్టరు గిట్లాంటిది ఎన్నడు చూడలేదన్నడు. దక్కేటట్టు లేదక్కా."

గౌరి నాలుక మీంచి గీకి మోదుగాకులో చుట్టి తెచ్చిన ముద్ద విప్పి చూపించాడు. వాసన చూశాను. తర్వాత ఆయన చేతిలో డబ్బా వాసన చూశాను. రెండూ ఒకటే.

"ఇంకో పూత పడితే ఆవు సస్తది, ఆపు" అన్నాను.

ఆయన నవ్వి గుడ్డ ముంచాడు.

నేను గ్యాసునూనె, అదే కిరసనాయిలు, బూడిద, కొబ్బరి పీచు తెచ్చి కారు మొత్తం తోమేశాను. మైనంతోపాటు మడ్‌గార్డు రంగు కూడా లేచిపోయింది. ఆయన చెయ్యెత్తాడు. తమ్ముడు అడ్డం నిలబడ్డాడు. డబ్బాను తీసుకుపోయి పెంటకుప్పలో పాతిపెట్టాను.

గౌరి గడ్డి కొరుకుతోందని కొన్నాళ్లకే కబురొచ్చింది. కారు మీద చారలు మళ్లీ పడలేదు. జనగామ నుంచి టేకుమట్లకు ఒక పూట ప్రయాణం. ఆ మైనం దాని నాలుక మీదికి ఎట్లా చేరిందో ఎందరినో అడిగాను. నన్ను పిచ్చిదాన్ని చూసినట్టు చూశారు.

ఆ ఏడే తమ్ముడి పెళ్లికి మేమిద్దరం టేకుమట్ల పోయాం. ఆయన కొట్టం పక్క నుంచి పోతుంటే గౌరి మెడ చాపి ఆయన కుడిచేతిని నాకడం మొదలుపెట్టింది. మైనం రుద్దిన చెయ్యి అది. లేగను నాకినట్టే, మెల్లగా, వేళ్ల సందుల్లో కూడా నాకింది. ఆయన చెయ్యి వెనక్కి తీసుకోలేకపోయాడు. మొహం పాలిపోయి అట్లాగే నిలబడ్డాడు.

తర్వాత బావి దగ్గర సబ్బుతో చాలాసేపు కడుక్కున్నాడు. అయినా విందులో విస్తరి ముందు కూర్చుని, ఆ చేత్తో ఒక్క ముద్ద కూడా కలపలేక లేచిపోయాడు. పక్కనే ఉన్నా, నేను తినమని అనలేదు.