మూసిన గొట్టంలో ఎర్రబడిన తీగ

దెయ్యాలంటే నాకు ఏనాడూ నమ్మకం లేదు. మా అమ్మ దర్గా నుంచి తెచ్చి కట్టిన తాయెత్తును ఆ సాయంత్రమే విప్పి మగ్గం గుంటలో పడేసినవాణ్ణి. ముందే ఈ సంగతి చెప్పుకోవాలి.

అవి రెండో ప్రపంచ యుద్ధం రోజులు. మాది కడప దగ్గర నేతగాళ్ళ ఊరు. అప్పటికే పెళ్ళయి, ఒక కూతురు. మగ్గం గిట్టుబాటు కాక, కడపలో జయానందం గారనే రసాయనశాస్త్రం లెక్చరర్ దగ్గర సహాయకుడిగా చేరాను. ఊరి చివర ఆయన అద్దెకున్న ఇంట్లో ముందుగదే ప్రయోగశాల. కరెంటు లేదు.

ఆయన పరిశోధన ప్లాటినం తీగ మీద. హైడ్రోజన్, గాలి కలిసి ఆ తీగను తాకితే, మంట లేకుండానే దాని పైన నీరు పుడుతుంది. ఆ వేడికి తీగ ఎర్రబడుతుంది. "పనంతా పైపొర మీదనే జరుగుతాదప్పా" అనేవారు. ఏది అంటితే ఆ పైపొర చెడిపోతుందో కనిపెట్టాలని ఆయన తపన.

ఆ వారం ఒక తీగకు గంధకపు ఆవిరి పట్టించాం. తర్వాత మూడు రోజులు హైడ్రోజన్ పంపినా అది వేడెక్కలేదు. దాన్ని గాజు గొట్టంలో పెట్టి, గాలంతా లాగేసి, గొట్టం మూతి దగ్గరి కుళాయి బిగించి గోడ అరలో ఉంచాం.

మర్నాడు మధ్యాహ్నం. వడగాలికి కిటికీలన్నీ మూసేశాం. సార్ వసారాలో రాసుకుంటున్నారు. నేను సీసాలో జింకు ముక్కల మీద ఆమ్లం పోసి హైడ్రోజన్ తయారుచేస్తున్నాను. బల్ల రెండో చివర స్పిరిట్ దీపం వెలిగించి తల ఎత్తాను.

అరలో గొట్టంలోని తీగ ఎర్రగా ఉంది.

ఎక్కడి నుంచో ఎండ పడుతోందేమోనని చెయ్యి అడ్డం పెట్టాను. ఎరుపు పోలేదు. కుళాయి చూశాను, బిగించే ఉంది. గాజును తాకితే చల్లగా తగిలింది. వసారాలోకి పరిగెత్తాను.

"సార్, చెడిపోయిన తీగె ఎర్రగా కాలతాండాది!"

"దాంట్లో గాలే లేదు గదప్పా."

"మీరే వచ్చి సూడండి."

ఆయన గుమ్మంలోనే ఆగిపోయారు. ఆయనకూ కనిపించింది. లోపలికి అడుగు వేయబోతే, ఎందుకో గట్టిగా చెయ్యి పట్టి వెనక్కి లాగాను. అంతకుముందు ఆయన్ని ఎప్పుడూ తాకి ఎరగను.

"ఇడువప్పా" అని విదిలించుకునేలోపే పెద్ద చప్పుడు.

హైడ్రోజన్ సీసా పేలింది. అంతకుముందు నేను నిలబడ్డచోటి వెనక గోడలో గాజు పెంకులు దిగబడ్డాయి. సీసాకు తగిలించిన రబ్బరు గొట్టం ఎండకు బీటలిచ్చింది, దాన్నుంచి వాయువు కారి దీపానికి అంటుకుంది. దానికి వాసన ఉండదు. నాకు తెలిసే దారే లేదు.

అరలోని గొట్టం మాత్రం పగలలేదు. తీగ మళ్ళీ మామూలుగా ఉంది.

వారం రోజులు సార్ ఆ తీగనే పరీక్షించారు. ఒక్కసారీ వేడెక్కలేదు. అన్నం సరిగా తినలేదు. "రాస్తే పిచ్చోడంటారు. రాయకపోతే అబద్ధమాడినట్లయితాది" అని గదిలో అటూ ఇటూ తిరిగేవారు. చివరికి ప్రయోగాల పుస్తకంలో ఒక్క వాక్యం రాశారు: ఇద్దరం చూశాం, కారణం తెలియదు.

కలం మూసి నన్ను అడిగారు. "నిజం జెప్పు. నీకు శానా భయమైంది పేలుడుకా, తీగెకా?"

"తీగెకే సార్."

"నాకూ అంతేనప్పా."

ఆయన పోయి చాలా ఏళ్ళయింది. ఆ శాస్త్రం తెలిసినవాళ్ళను అడిగితే, కుళాయి సరిగా బిగించి ఉండరు, కారిన వాయువు లోపలికి దూరి ఉంటుంది అంటారు. బిగించింది నేనే. ఆ రోజు చూసిందీ నేనే. ఇంతకు మించి నేను చెప్పగలిగింది లేదు.